పాత వ్యానునకు వ్యాధి నిదానము

వైద్యశాస్త్రమున చికిత్స కంటె ముందు నిదానము చెప్పబడినది. నిదానమనగా రోగమునకు మూలమెక్కడ నున్నదో కనుగొనుట. జ్వరము వచ్చినదని తెలిసినంత మాత్రమున మందీయరాదు. అది యే జ్వరమో ముందు తెలియవలెను. యంత్రములకును ఈ న్యాయమే వర్తించును. మన యూళ్ళలో పిల్లలను బడికి చేర్చుచు, సంతకు కూరగాయలు మోయుచు, పెండ్లిండ్లకు బంధువులను తెచ్చుచు తిరుగు పాత వ్యానులు అనేకములు కలవు. అట్టి బండి యొకనాడు మార్గమధ్యమున మొరాయించును. అప్పుడు "గేరుపెట్టె పోయినది" అని ఒకరు, "ఇంజను పోయినది" అని మరియొకరు తీర్పు చెప్పుదురు. వేలకొలది రూపాయలు వెచ్చించి పెట్టెను విప్పించిన పిదప, లోపము కేవలము ఒక తీగ వదులగుటయే అని తేలుట అరుదు కాదు. గోటితో పోవుదానికి గొడ్డలి ఎత్తుట అనగా ఇదియే.

విద్యార్థులారా! మీరు పాఠ్యపుస్తకములలో తులాదండము, ఘర్షణము, ద్రవపీడనము, ఉష్ణము, విద్యుత్తు అని వేరువేరు పాఠములు చదువుచున్నారు. అవి యన్నియు ఒక్కచోట కూడి పనిచేయుటను చూడగోరినచో పాత వ్యాను క్రిందికి తొంగిచూడుడు. తల్లిదండ్రులకును ఈ విషయము అవసరమే. ఏలయన ఆ బండిలో ప్రతిదినము కూర్చుండువారు వారి బిడ్డలే.

మన ఉదాహరణము

ఊరక "వ్యాను" అన్నచో విషయము స్పష్టపడదు గనుక, అందరు ఎరిగిన బండి నొకదానిని ఉదాహరణముగా గైకొందము. 1984వ సంవత్సరమున మారుతి సంస్థ జపాను దేశపు సుజుకి వారి నమూనా ననుసరించి ఒక చిన్న వ్యానును విడుదల చేసినది. మొదట దానిని మారుతి వ్యాను అనియే పిలిచిరి. తరువాత ఓమ్ని అను పేరు స్థిరపడినది. దాని ఇంజనునకు సిలిండర్లు మూడు. వాని మొత్తము ఘనపరిమాణము 796 ఘన సెంటీమీటర్లు. 2019లో దాని తయారీ నిలిచిపోయినది. కావున నేడు రోడ్డుమీద తిరుగు ఓమ్నిలలో మిక్కిలి చిన్నది సైతము ఆనాటిదే. తక్కినవన్నియు అంతకంటె పెద్దవి.

ఈ బండియందు ఇంజను ముందు సీట్ల క్రింద నుండును. నడుచునవి మాత్రము వెనుక చక్రములు. ఇంజను ఒకచోట, చక్రములు వేరొకచోట నుండుటచే ఆ రెంటి నడుమ శక్తి చాల దూరము ప్రయాణము చేయవలసియున్నది. ఆ త్రోవను ఎరిగినవానికి లోపమును కనుగొనుట సులభము.

శక్తి నడచు త్రోవ

ఇంజనులో పుట్టిన శక్తి మొదట క్లచ్చిని చేరును. అచటినుండి గేరుపెట్టెలోనికి, గేరుపెట్టెనుండి బండి క్రింద పొడవుగా సాగిన ప్రొపెల్లరు షాఫ్టునకు, దానినుండి వెనుక ఇరుసు నడుమ నున్న డిఫరెన్షియలునకు, తుదకు రెండు ప్రక్కల ఇరుసుల ద్వారా చక్రములకు చేరును. చెరువు నీరు తూము, కాలువ, పిల్లకాలువల మీదుగా మడికి చేరినట్లే ఇదియును. మడికి నీరు రానపుడు రైతు చెరువును త్రవ్వించడు. కాలువ వెంట నడచుచు గండి ఎక్కడ పడినదో వెదకును. మనము చేయవలసినదియు అదియే.

క్లచ్చి యనగా ఇంజనును గేరుపెట్టెతో కలుపునదియు, కావలసినపుడు విడదీయునదియు నైన సాధనము. ఇంజనుతోపాటు తిరుగు చక్రమునకు ఒక పలుచని బిళ్ళను బలమైన స్ప్రింగులు అదిమి పట్టుకొనియుండును. ఆ బిళ్ళనే క్లచ్ ప్లేటందురు. రెండు అరచేతులను గట్టిగా అదిమి ఒక చేతిని త్రిప్పినచో రెండవదియు తిరుగును. అదుము తగ్గించినచో జారిపోవును. పెడలును తొక్కునపుడు ఆ యదుము తొలగును, వదలినపుడు తిరిగి కలుగును. ఇచట పనిచేయునది ఘర్షణమే. ఘర్షణము శత్రువని మాత్రమే తలపరాదు. క్లచ్చియందును, బ్రేకులయందును అది మనకు సేవకుడు.

ఇక గేరుపెట్టె. పదునైదు పండ్లుగల చిన్న చక్రము నలుబదియైదు పండ్లుగల పెద్ద చక్రమును త్రిప్పుచున్నదనుకొనుడు. చిన్నది మూడు మార్లు తిరిగినపుడు పెద్దది ఒక్కమారు తిరుగును. వేగము మూడవవంతునకు తగ్గినది. కాని త్రిప్పు బలము, ఘర్షణమునకు పోవు కొద్దిపాటిని మినహాయించినచో, మూడు రెట్లయినది. ఎత్తు ఎక్కుటకు, నిలిచిన బండిని కదల్చుటకు బలము కావలెను గనుక మొదటి గేరు. చదునైన రోడ్డుమీద వేగము కావలెను గనుక పై గేరు. బలమును పెంచిన వేగము తగ్గును, వేగమును పెంచిన బలము తగ్గును. రెండును ఒక్కసారి పెంచుట ఏ యంత్రమునకును సాధ్యము కాదు.

మొదట వినుము, పిదప విప్పుము

మంచి మెకానిక్కు స్పానరు పట్టుటకు ముందు ప్రశ్నలు వేయును. లోపము ఇంజను చల్లగా నున్నపుడు కనబడుచున్నదా, వేడెక్కిన పిదపనా? అన్ని గేర్లలోనా, ఒక్క గేరులోనేనా? క్లచ్చి తొక్కినపుడా, వదలినపుడా? బండి తిన్నగా పోవునపుడా, మలుపు తిరుగునపుడా? యాక్సిలరేటరు నొక్కినపుడా, వదలినపుడా? ఈ అయిదు ప్రశ్నలకు సరియైన సమాధానము లభించినచో సగము పని అయినట్లే. బండి యజమాని ఈ వివరములను ఒక చీటిపై వ్రాసి తీసికొనిపోయినచో షెడ్డులో మోసపోవు భయమును తగ్గును, మెకానిక్కునకు కాలమును కలిసివచ్చును.

క్లచ్చి జారుట, క్లచ్చి విడకపోవుట

క్లచ్చి దోషములు రెండు విధములు. అవి ఒకదానికొకటి విరుద్ధములు. కావున వాని చికిత్సయు విరుద్ధము.

మొదటిది జారుట. ఎత్తు ఎక్కునపుడు ఇంజను రొద పెరుగును గాని బండి వేగము పెరుగదు. మాడు వాసన వచ్చును. దీనికొక పరీక్ష కలదు. చదునైన ఖాళీ స్థలమున, బండికి ముందు వెనుకల ఎవరును లేకుండ చూచి, చేతి బ్రేకును గట్టిగా లాగి, ఇంజను నడుపుచు మూడవ గేరు వేసి, క్లచ్చి పెడలును మెల్లగా వదలవలెను. ఇంజను ఆగిపోయినచో క్లచ్చికి పట్టు కలదు. ఆగక తిరుగుచునే యుండినచో జారుచున్నది. ఈ పరీక్షను పెద్దవారే చేయవలెను. మాటిమాటికి చేయరాదు, రాపిడి వేడికి ప్లేటు మాడిపోవును.

జారుటకు కారణములు మూడు. ప్లేటు అరిగిపోవుట ఒకటి. ఇంజను వెనుకనున్న ఆయిల్ సీలు చెడి ప్లేటుపై నూనె పడుట రెండవది. ఈ రెంటికిని పెట్టెను దింపక తప్పదు. కాని మూడవ కారణము మిక్కిలి తేలికది: తీగ మరీ బిగుతుగా నుండి, పెడలును వదలినను క్లచ్చి పూర్తిగా కలియకపోవుట. ఓమ్నిలో పెడలునకు, క్లచ్చికి నడుమ తీగ యుండును. పెడలును వ్రేలితో నొక్కినపుడు మొదట కొంత దూరము అడ్డు లేక దిగవలెను. పిదపనే బిగువు తగులవలెను. ఆ దూరము సామాన్యముగా ఒకటి రెండు సెంటీమీటర్లు. సరియైన కొలత బండితో నిచ్చిన పుస్తకమున ఉండును. అది బొత్తిగా లేనిచో తీగ చివరనున్న నట్టును కొంచెము వదులు చేయవలెను. ఇది పది నిముషముల పని.

రెండవది విడకపోవుట. పెడలును పూర్తిగా తొక్కినను గేరు పడదు. రివర్సు గేరు వేయునపుడు పండ్లు గరగరలాడును. ఇంజనును ఆపి గేర్లు వేసి చూడుడు. ఆపినపుడు సులభముగా పడుచు, నడుచునపుడు మాత్రమే మొండికేసినచో దోషము సామాన్యముగా క్లచ్చిదే గాని గేరుపెట్టెది కాదు. తీగ సాగిపోయి వదులగుట, పోగులు తెగుట, పెడలు క్రింద నేలచాప అడ్డుపడుట — ఇవి మొదట చూడదగినవి. ఇంజను ఆపినను గేరు పడనిచో గేరుదండము నుండి పెట్టెకు పోవు లంకెలను, వాని రబ్బరు బుష్షులను పరీక్షింపవలెను. అవియు బాగుగ నున్నప్పుడే పెట్టె లోపలి మాట.

చప్పుడు చెప్పు సంగతులు

బండి నిలిపి, గేరు వేయక, ఇంజను నడుపుడు. పెడలు పైకి ఉన్నపుడు చప్పుడు వచ్చుచు, తొక్కగానే మాయమైనచో ఆ చప్పుడు గేరుపెట్టెలోనికి శక్తిని తెచ్చు ఇరుసుకు చెందిన బేరింగుది. ఏలయన తొక్కగానే ఆ యిరుసు నిలిచిపోవును. అట్లుగాక, తొక్కినపుడే చప్పుడు పుట్టినచో అది రిలీజు బేరింగుది. ఏలయన దానిపై భారము పడునది అప్పుడే. ఒక్క పెడలు కదలిక చేత రెండు భాగములను వేరుపరచగలిగితిమి. పైస ఖర్చు లేదు.

బండి నడుచునపుడు ఒక్క గేరులోనే రొద వచ్చినచో ఆ గేరు పండ్లుగాని, దాని బేరింగుగాని అరిగినదని తలపవచ్చును. ఇట్టి వెనుక చక్రముల బండ్లలో సామాన్యముగా నాలుగవ గేరునందు శక్తి తిన్నగా ముందు ఇరుసునుండి వెనుక ఇరుసునకు పోవును. ప్రక్క ఇరుసుపై భారముండదు. కావున మొదటి మూడు గేర్లలో రొద యుండి నాలుగవదానిలో తగ్గినచో ఆ ప్రక్క ఇరుసు బేరింగులను అనుమానింపవలెను.

గేరు మార్చునపుడు గర్రుమని పండ్లు తాకుట వేరొక లక్షణము. గేర్లు కలియుటకు ముందు రెంటి వేగమును సమము చేయు ఇత్తడివంటి లోహపు ఉంగరములు లోపల ఉండును. అవి అరిగినచో పండ్లు వేగభేదముతోనే ఢీకొనును. క్లచ్చి సరిగా నుండియు రెండవ గేరునకో మూడవ గేరునకో దిగునపుడు మాత్రమే ఈ ధ్వని వచ్చినచో కారణము ఈ ఉంగరములే కావచ్చును. అవి మార్చువరకు డ్రైవరు తొందరపడక, నిదానముగా గేరు మార్చినచో పండ్లు మరికొంతకాలము మన్నును.

వేసిన గేరు తనంతట తానే ఊడి వచ్చుట అపాయకరమైన దోషము. పల్లమున దిగునపుడు గేరు ఊడినచో ఇంజను ఆపుదల పోయి, భారమంతయు బ్రేకులమీద పడును. గేరును పట్టియుంచు చిన్న గుండు, దాని స్ప్రింగు బలహీనపడుట, గేరును జరుపు ఫోర్కు అరుగుట, పండ్ల అంచులు గుండ్రబడుట దీనికి కారణములు. కాని వీనికి ముందు చూడవలసినది ఇంజనును, పెట్టెను పట్టియుంచు రబ్బరు దిమ్మలు. అవి చీలినచో పెట్టెయే ఊగి గేరును వెలికి లాగును.

కందెనయే ప్రాణము

ఎద్దుబండి ఇరుసునకు కందెన పెట్టనివాడు త్వరలో క్రొత్త ఇరుసు కొనును. గేరుపెట్టెకును, డిఫరెన్షియలునకును గేరు ఆయిలు అట్టిది. ఇంజను ఆయిలువలె గేరు ఆయిలు కాలిపోదు. కావున అది తగ్గినదన్నచో కారుచున్నదని యర్థము.

ఏ నూనె కారుచున్నదో కనుగొనుటకు విద్యార్థులే చేయదగిన పరీక్ష యొకటి కలదు. రాత్రి బండి నిలుపుచోట క్రింద పాత వార్తాపత్రికలు పరచి, చక్రముల స్థానములను పెన్సిలుతో గుర్తింపుడు. ఉదయమున మరకలను చూడుడు. ముందు సీట్ల క్రింద నల్లని మరక పడినచో ఇంజను ఆయిలు. బండి నడుమ చిక్కగా, గంధకపు వాసనతో నున్నచో గేరుపెట్టె ఆయిలు. వెనుక ఇరుసు నడిమి భాగమున నున్నచో డిఫరెన్షియలుది. పచ్చగానో ఎర్రగానో నీళ్ళవలె నున్నది రేడియేటరు కూలెంటు. చక్రము లోపలి ప్రక్కన పలుచని తడి కనబడినచో అది బ్రేకు ఆయిలు కావచ్చును. ఆ బండిని ఆనాడు కదల్పరాదు.

సీలు మార్చిన కొలదినాళ్ళకే మరల కారుట కలదు. అప్పుడు సీలును నిందింపక బ్రీదరును చూడవలెను. పెట్టె లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించును. అది బయటికి పోవుటకు పైన చిన్న రంధ్రము గల మూత యుండును. బురదచేత అది పూడినచో లోపలి పీడనము నూనెను సీళ్ళగుండా త్రోయును. సూదితోను, కిరోసినుతోను ఆ రంధ్రమును శుభ్రపరచినచో చాలును.

నూనె మార్చువారు మరువరాని నియమ మొకటి కలదు: క్రింది చీలను విప్పుటకు ముందు, నూనె పోయు ప్రక్క చీల విప్పబడునో లేదో చూచుకొనుడు. ఏండ్లతరబడి కదలని చీల తుప్పుపట్టి బిగిసియుండును. పాత నూనెను కార్చివేసిన పిదప క్రొత్త నూనె పోయు ద్వారము తెరవబడనిచో బండి అచటనే నిలిచిపోవును. కార్చిన నూనెలో మెత్తని లోహపు పొడి కొంచెముండుట సహజము; పలుకులు, పంటి ముక్కలు కనబడినచో పెట్టెను విప్పించుటయే మేలు. ఆ పాత నూనెను కాలువలో పోయరాదు. డబ్బాలో పట్టి కొనువారికి ఇయ్యవలెను.

షాఫ్టు, డిఫరెన్షియలు

బండి కదలునపుడు క్రిందనుండి 'టక్కు'మని ఒక దెబ్బ వినబడినచో ప్రొపెల్లరు షాఫ్టు చివరలనున్న క్రాసులను చూడవలెను. వెనుక ఇరుసు గతుకులలో పైకి క్రిందికి ఆడుచుండును. ఆ యాటకు అనుగుణముగా వంగుచు శక్తిని అందించునవి ఈ క్రాసులు. తేరు చక్రములకు అడ్డు చెక్కలు వేసినట్లు బండి చక్రములకు ముందు వెనుకల దిమ్మలు వేసి, ఇంజను ఆపి, షాఫ్టును చేతితో అటునిటు త్రిప్పి చూచినచో క్రాసునందలి వదులు తెలియును. వేగము హెచ్చుకొలది వణకు హెచ్చినచో షాఫ్టు వంగుటయో, చక్రముల తూకము తప్పుటయో కారణము. మొదట చక్రములను చూడుడు, అది చౌక.

వెనుకనుండి ఏకధాటిగా ఊళ వినబడి, యాక్సిలరేటరు నొక్కినపుడు ఒక తీరుగను వదలినపుడు వేరొక తీరుగను మారినచో డిఫరెన్షియలు పండ్ల పొందిక చెడినదని యర్థము. మలుపులలో మాత్రమే ధ్వని వచ్చినచో చక్రపు బేరింగుగాని, డిఫరెన్షియలు లోపలి చిన్న పండ్ల చక్రములుగాని కారణము కావచ్చును. ఈ పనులు అనుభవము గలవానివి. ఇంట చేయదగినవి కావు.

ఇతర వ్యాధులు

బండి స్టార్టు కాకపోవుట నిత్యము చూచునదే. తాళము త్రిప్పినపుడు 'టిక్కు' మని నిలిచిపోయి, దీపములు మసకబారినచో బ్యాటరీయో, దాని కొసలో అనుమానింపదగినవి. పూర్తిగా నిండిన బ్యాటరీ ఇంజను ఆపియున్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపవలెను; ఇంజను నడుచునపుడు సుమారు 14 వోల్టులు చూపవలెను. నడుచునపుడు పెరుగనిచో ఆల్టర్నేటరో, దాని బెల్టో పనిచేయుట లేదు. అప్పుడు క్రొత్త బ్యాటరీ కొనుట వృథా, అదియు రెండునాళ్ళలో ఖాళీ యగును. కొసలపై తెల్లగా, నీలముగా పేరుకొనిన పొడిని వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడుగవచ్చును. ఆమ్లమును క్షారము అణచునని మీరు రసాయనశాస్త్రమున చదివియున్నారు. కొసలు విప్పునపుడు ముందు ఋణ కొసను విప్పవలెను, బిగించునపుడు దానినే కడపట బిగింపవలెను. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. అచట హైడ్రోజను వాయువుండును.

ఇంజను వేడెక్కుట వేసవిలో హెచ్చు. నీరు తగ్గుట, రేడియేటరు గొట్టములు మట్టితో పూడుట, ఫ్యాను తిరుగకపోవుట, థర్మోస్టాటు మూసికొనిపోవుట కారణములు. వేడిగా నున్నపుడు రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు. పీడనము హెచ్చినపుడు నీరు నూరు డిగ్రీలను మించియు మరుగక నిలుచును; మూత తీయగానే పీడనము తగ్గి ఒక్కుమ్మడి ఆవిరియై మీదికి చిమ్మును. ముఖములు కాల్చుకొనుట ఈ విధముననే జరుగును. బండిని నీడన నిలిపి, పూర్తిగా చల్లారువరకు ఓపిక పట్టవలెను.

బిడ్డల ప్రాణములకు సంబంధించినవి

పై దోషములు బండిని ఆపును. ఈ క్రిందివి ప్రాణములను తీయును. కావున తల్లిదండ్రులు వీనిని ప్రత్యేకముగా గమనింతురుగాక.

బ్రేకు పెడలును నొక్కినపుడు దూదివలె మెత్తగా దిగినచో గొట్టములలో గాలి చేరినదని యర్థము. ద్రవము సంకోచింపదు గనుకనే పాదపు ఒత్తిడి చక్రమును చేరుచున్నది. గాలి సంకోచించును గనుక ఆ యొత్తిడి అచటనే హరించిపోవును. పెడలును అదిమి పట్టియుంచినపుడు అది మెల్లమెల్లగా క్రిందికి జారినచో ఎచటనో కారుచున్నది; బయట తడి లేనిచో మాస్టరు సిలిండరు లోపలి రబ్బర్లు చెడినవి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. కావున అది తగ్గకపోయినను పుస్తకమున చెప్పిన గడువునకు మార్పవలెను. దానికి బదులు ఇంజను ఆయిలు పోసినచో రబ్బర్లు ఉబ్బి చెడును. బ్రేకు దోషమునకు "రేపు చూతము" అను మాట లేదు.

ఓమ్ని ప్రక్క తలుపు జారుడు తలుపు. దాని క్రింది పట్టాలో ఇసుక చేరినను, రోలరు అరిగినను తలుపు పూర్తిగా మూసికొనదు, మూసికొనినట్లు కనబడును. తలుపు మూసిన పిదప లోపలినుండి ఒకమారు లాగి చూచు అలవాటు ప్రతి డ్రైవరునకును, ప్రతి పిల్లవానికిని ఉండవలెను.

ఇంజను సీట్ల క్రింద నుండుటచేతను, నేల తుప్పుపట్టుటచేతను సైలెన్సరు గొట్టము పగిలినచో పొగ లోపలికి వచ్చును. ఆ పొగలోని కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కన్నులు తిరుగుట, వాంతి వచ్చినట్లుండుట దాని గుర్తులు. బడినుండి వచ్చిన బిడ్డ తరచుగా తలనొప్పి యన్నచో చదువును నిందించుటకు ముందు వ్యానును పరీక్షింపుడు.

కొందరు వంటింటి గ్యాసు సిలిండరును బండికి తగిలించుట కలదు. ఇది చట్టవిరుద్ధము, ప్రాణాంతకము. ఈ వాయువు గాలికంటె బరువైనది. కారినచో పైకెగిరిపోక సీట్ల క్రింద పేరుకొనును. గ్యాసుతో నడుచు బండియైనచో ఆమోదముపొందిన పరికరము, రిజిస్ట్రేషను పుస్తకమున దాని నమోదు ఉండితీరవలెను. ఆ పుస్తకమును చూపుమని అడుగుటకు తల్లిదండ్రులకు మొగమాట మక్కరలేదు.

ఇక పిల్లలను మితిమీరి ఎక్కించుట. ఓమ్ని అయిదుగురికో ఎనిమిదిమందికో చేయబడిన బండి. భారము హెచ్చినచో క్లచ్చి త్వరగా అరుగును, వెనుక కమ్మీలు వంగును, బ్రేకు వేసిన పిదప బండి ఆగు దూరము పెరుగును. చౌక బాడుగకు మనము చెల్లించు మూల్య మిది.

బాగుచేయుటా, వదలివేయుటా?

ఇంటివారి వాడుకకైన బండి రిజిస్ట్రేషను మొదట పదునైదేండ్లకు చెల్లును. తరువాత పరీక్షపై అయిదేసి యేండ్లకు పొడిగింపబడును. ఆ పరీక్షను కేవలము ముద్రకొఱకైన తంతుగా తలపక, నిజముగా బండి నాడి చూపించుకొను అవకాశముగా భావింపవలెను. క్లచ్చి, బేరింగులు, బ్రేకులు, బ్యాటరీ — ఇవి మార్చదగినవి. మార్చినచో బండి మరల పనిచేయును. కాని నేలయును, అడుగు చట్టమును తుప్పుచేత తినివేయబడిన బండికి క్రొత్త గేరుపెట్టె వేయించుట, పునాది కదలిన గోడకు సున్నము కొట్టుటవంటిది. అట్టిదానిని వదలివేయుటయే వివేకము.

పని చేయునపుడు పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. జాకీని మాత్రమే నమ్మి బండి క్రిందికి దూరరాదు. గట్టి స్టాండ్లు వేయవలెను. ఇంజను నడుచుచుండగా బెల్టు దగ్గర చేయి పెట్టరాదు. వదులు దుస్తులు, చేతి దారములు తీసివేయవలెను. బ్రేకు ధూళిని నోటితో ఊదరాదు. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును, అది ఊపిరితిత్తులకు విషము. తడిగుడ్డతో తుడువుడు.

కడపట భాషను గూర్చి ఒక మాట. బళ్ళారిలో షెడ్డు మాట కన్నడము, హోసూరులో తమిళము, బరంపురమున ఒరియా, షోలాపురమున మరాఠీ. భాగముల పేర్లు అందరికిని ఇంగ్లీషువే. అట్లయినచో తెలుగున చదువుకొనిన పిల్లవాడు అచట ఏమి చేయగలడని కొందరు తల్లిదండ్రులు శంకింతురు. క్లచ్చి అను పేరు ఏ భాషదైనను, పెడలు తొక్కగానే చప్పుడేల మాయమైనదను కారణమునకు భాషాభేదము లేదు. ఆ కారణము తల్లిభాషలో మనసునకు పట్టినవాడు దానిని ఇరుగుపొరుగు భాషలో నాలుగు మాటలలో చెప్పగలడు. కారణము తెలియక పేర్లు మాత్రము వల్లించినవాడు ఏ భాషలోను చెప్పలేడు. ఇరుసు, చీల, కందెన అను మాటలు మన బండ్ల వడ్రంగులు, రైతులు మనకిచ్చినవి. అవి వ్యాను క్రిందను చక్కగా పనిచేయును.

కావున విద్యార్థులారా, ఒక చిన్న నోటుపుస్తకము కుట్టుకొనుడు. మీ యింటి బండికిగాని, మీరెక్కు బడి వ్యానునకుగాని, డ్రైవరుగారి అనుమతితో, వారమునకొకమారు క్రింది మరకలు, టైర్ల అరుగుదల, దీపములు, తలుపు బిగువు, బ్రేకు ఆయిలు మట్టము చూచి తేదీతో వ్రాయుడు. మొదటి నెలలో అందేమియు విశేషము కనబడకపోవచ్చును. కాని ఏ వారమున మట్టము ఒక గీటు తగ్గినదో ఆ పుస్తకము చెప్పును. ఆ గీటు చెప్పిన మాటను పెద్దలకు చేరవేయుట మీ పని.